అరచేతి అతిస్వేదం – సహానుభూత నాడీ ఛేదన శస్త్రచికిత్స: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

అరచేతులకు నిరంతరం, అకారణంగా చెమట పట్టే స్థితిని వైద్యశాస్త్రం ప్రాథమిక అతిస్వేదంగా గుర్తించింది. ఛాతీలోని సహానుభూత నాడీ గొలుసును అంతర్దర్శిని సహాయంతో ఛేదించడం దీనికి ఉన్న శస్త్రచికిత్స. చేతుల చెమటను ఆపడంలో దీని ఫలితం దాదాపు నిశ్చితం. అయితే శరీరంలోని ఇతర భాగాల్లో కొత్తగా మొదలయ్యే చెమట ఈ చికిత్సను వివాదాస్పదం చేసింది. చెమట పట్టే నాడీమార్గాన్నీ, శస్త్రచికిత్స చరిత్రనూ విధానాన్నీ వివరించి, దాని పర్యవసానాన్ని రోగికి తెలుగులో ఎలా తెలియజెప్పాలన్న ప్రశ్నను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: అతిస్వేదం, సహానుభూత నాడీ వ్యవస్థ, అంతర్దర్శిని, పరిహార స్వేదం, సమ్మతి పత్రం.

ఉపోద్ఘాతం:

కుమారసంభవం ఏడవ సర్గలో పార్వతీ పరమేశ్వరుల పాణిగ్రహణాన్ని వర్ణిస్తూ కాళిదాసు వధువుకు రోమాంచం కలిగిందనీ, వరుడి చేతివేళ్లకు చెమట పట్టిందనీ చెప్పాడు. రఘువంశం ఏడవ సర్గలో అజుడు ఇందుమతి చేయి పట్టుకున్నప్పుడు ఈ వర్ణన తారుమారైంది. అక్కడ రోమాంచం వరుడిది, చెమట వధువుది. నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాలలో స్వేదం ఒకటి, రోమాంచం మరొకటి. మనసు కదలనిదే ఇవి కలగవని ఆలంకారికుల అభిప్రాయం. ఆధునిక శరీరధర్మశాస్త్రం ఈ రెండింటినీ ఒకే నాడీ వ్యవస్థకు ఆపాదించడం గమనార్హం. వెంట్రుకను నిక్కబొడిపించేదీ, వేలికొసన చెమట పుట్టించేదీ సహానుభూత నాడీ వ్యవస్థే.

మనసులో ఏ భావమూ లేకపోయినా వేళ్లకు చెమట పడుతూనే ఉండేవారి మాటేమిటి? చూసేవారు మాత్రం ఆ చెమటను భావంగానే చదువుతారు. మౌఖిక పరీక్షలో కూర్చున్న అభ్యర్థి భయపడుతున్నాడనుకుంటారు, కరచాలనం చేసిన వ్యక్తి ఏదో దాస్తున్నాడనుకుంటారు. పరీక్షామందిరంలో పర్యవేక్షకులుగా నిలబడిన అధ్యాపకులకు ఒక దృశ్యం పరిచితమే. ఒక విద్యార్థి చేతికింద రుమాలు పరుచుకుని రాస్తుంటాడు, అయినా సమాధాన పత్రం అంచు తడిసి సిరా అలుక్కుపోతుంది. వేలిముద్ర యంత్రం తడి వేలిని గుర్తించదు. కుట్టుపనిలో గుడ్డ మరకపడుతుంది, సూది జారుతుంది. ఇది ప్రాణాంతక వ్యాధి కాకపోవడమే దీని దురదృష్టమనిపిస్తుంది. ప్రాణం మీదికి రానిదాన్ని ఇంట్లోవాళ్లు జబ్బుగా లెక్కపెట్టరు.

చేతికి చెమట పట్టే మార్గం:

మనిషి చర్మంలో సుమారు 20 లక్షల నుంచి 40 లక్షల వరకు స్వేద గ్రంథులుంటాయి. ఇవి అత్యంత దట్టంగా ఉండేది అరచేతుల్లో, అరికాళ్లలో. వీపు, ఛాతీ మీది గ్రంథులు ప్రధానంగా శరీరోష్ణోగ్రతను తగ్గించడానికి పనిచేస్తాయి. అరచేతి గ్రంథులు ఎండకంటె మనఃస్థితికి ఎక్కువగా స్పందిస్తాయి. నిద్రలో అరచేతి చెమట ఆగిపోవడానికి కారణం ఇదే. మెదడు పైపొరల నుంచి, ఉద్వేగాలకు నెలవైన భాగాల నుంచి వచ్చే సంకేతాలు హైపోథాలమస్‌ను చేరి, మెదడుకాండం మీదుగా వెన్నుపాములోకి దిగుతాయి. వెన్నుపాము ఛాతీ భాగం నుంచి బయటపడిన సన్నని నాడీతంతువులు వెన్నెముకకు ఇరువైపులా, పక్కటెముకల మెడల మీదుగా పూసల దండలా వేలాడే సహానుభూత నాడీ గొలుసును చేరుతాయి. ఆ పూసలే నాడీసంధులు. చేతికి వెళ్లవలసిన తంతువులు గొలుసులో పైకి ఎగబాకి, పై నాడీసంధులలో మరో నాడీకణానికి సంకేతాన్ని అందించి, అక్కడి నుంచి చేతి నాడులతో కలిసి అరచేతికి చేరుకుంటాయి.

ఇక్కడొక విశేషముంది. సహానుభూత నాడుల చివర సాధారణంగా విడుదలయ్యే రసాయనం నారడ్రినలిన్. స్వేద గ్రంథుల దగ్గర మాత్రం ఎసిటైల్‌కోలిన్ విడుదలవుతుంది. ఈ మినహాయింపును 1934లో హెన్రీ డేల్, విల్‌హెల్మ్ ఫెల్డ్‌బర్గ్ పిల్లి పాదాల మీది ప్రయోగాలతో నిరూపించారు. కాళిదాసు ఒకే క్షణంలో వధూవరులకు పంచిపెట్టిన రెండు భావాలూ ఒకే వ్యవస్థకు చెందినవే అయినా, నాడి కొసన వాటి రసాయనాలు వేరన్నమాట. అతిస్వేదానికి వాడే మందుల్లో చాలావరకు ఈ ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునేవే.

అతిస్వేదం ఉన్నవారి గ్రంథులను సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తే వాటిలో లోపం కనిపించదు. గ్రంథుల పరిమాణం, సంఖ్య మామూలుగానే ఉంటాయి. లోపం వాటికి అందే ఆజ్ఞల తీవ్రతలో ఉందని భావిస్తున్నారు. కుటుంబంలో పలువురికి ఈ స్థితి ఉండడం తరచుగా కనిపిస్తుంది కాబట్టి వంశపారంపర్యతకు పాత్ర ఉందనుకోవచ్చు.

వ్యాధి నిర్ధారణ:

2004లో ఒక నిపుణుల బృందం ప్రచురించిన ప్రమాణాలను నేటికీ అనుసరిస్తున్నారు. స్పష్టమైన కారణం లేకుండా కనీసం ఆరు నెలలుగా కంటికి కనిపించేంత చెమట పట్టాలి. దానితో పాటు శరీరానికి రెండువైపులా సమానంగా ఉండడం, రోజువారీ పనులకు అడ్డురావడం, వారానికి కనీసం ఒకసారి రావడం, 25 ఏళ్లలోపు మొదలవడం, కుటుంబంలో ఇతరులకు ఉండడం, నిద్రలో ఆగిపోవడం అనే ఆరింటిలో కనీసం రెండు ఉండాలి. రాత్రి నిద్రలో ఒళ్లంతా తడిసిపోయే చెమట దీని కిందికి రాదు. క్షయ, థైరాయిడ్ అతిచర్య, మధుమేహ రోగుల్లో చక్కెర పడిపోవడం, కొన్ని మందులు వంటి కారణాలను అప్పుడు వెదకాలి. అయోడిన్ పూసి పైన పిండిపదార్థం చల్లితే చెమట పట్టిన చోట నల్లగా మారుతుంది. మైనర్ పరీక్షగా పేరుపొందిన ఈ పద్ధతి చెమట పట్టే ప్రాంతపు హద్దులను చూపుతుందే కాని, దాని వల్ల కలిగే ఇబ్బందిని కొలవదు. ఇబ్బందిని రోగి మాటల్లోనే వినాలి.

అమెరికాలో జరిపిన ఒక సర్వే 2004లో అక్కడి జనాభాలో 2.8 శాతానికి అతిస్వేదం ఉందని అంచనా వేసింది. అది అరచేతులకే పరిమితమైన లెక్క కాదు. మన దేశంలో ఈ సమస్య ఉద్యోగావకాశంతో నేరుగా ముడిపడే సందర్భం ఒకటుంది. సైనిక నియామకాల వైద్య పరీక్షలో అరచేతుల, అరికాళ్ల తీవ్ర అతిస్వేదాన్ని అనర్హతగా పరిగణిస్తారు. పరుగులోనూ రాతపరీక్షలోనూ నెగ్గిన యువకుడు చేతుల తడి కారణంగా వెనుదిరగవలసి రావచ్చు. శస్త్రచికిత్స కోసం తొందరపడే వయసు, సందర్భం ఎలాంటివో ఇక్కడ అర్థమవుతుంది.

శస్త్రచికిత్సకు ముందరి మెట్లు:

శస్త్రచికిత్స చివరి మెట్టు. మొదటిది 20 శాతం అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం. రాత్రి పొడిచేతికి పూస్తే అది స్వేదనాళాల ముఖద్వారాలను మూసివేస్తుంది. అరచేతి చర్మం మందం కాబట్టి చంకల్లో ఇచ్చినంత ఫలితం ఇక్కడ ఇవ్వదు, మంట పుట్టడం కూడా సాధారణమే. రెండవది అయనీకరణ చికిత్స. పళ్లెంలో మామూలు కుళాయి నీరు పోసి, చేతులు అందులో ఉంచి, అతి స్వల్ప విద్యుత్తును ప్రసరింపజేస్తారు. ఇరవై, ముప్పై నిమిషాల చొప్పున వారానికి కొన్నిసార్లు చేస్తే చాలామందికి మేలు చేస్తుంది. మానేస్తే చెమట తిరిగివస్తుంది. చవకైనదీ, హాని తక్కువైనదీ అయిన ఈ చికిత్సకు రావలసినంత ప్రచారం రాలేదని నా అభిప్రాయం.

బోటులినమ్ టాక్సిన్ సూదిమందు నాడికొసల నుంచి ఎసిటైల్‌కోలిన్ విడుదల కాకుండా కొన్ని నెలలపాటు ఆపుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో దీన్ని చంకల అతిస్వేదానికి ఆమోదించింది. అరచేతిలో పదుల సంఖ్యలో సూదులు గుచ్చడం తీవ్రమైన నొప్పితో కూడిన పని. బొటనవేలి కండరాలు తాత్కాలికంగా బలహీనపడే అవకాశమూ ఉంది. నోటిమాత్రల్లో ఆక్సీబ్యుటినిన్, గ్లైకోపైరోలేట్ ముఖ్యమైనవి. మొదటిది నిజానికి మూత్రాశయానికి ఉద్దేశించిన మందు. దీని ప్రయోజనాన్ని బ్రెజిల్ శస్త్రవైద్యుల బృందం 2012లో ప్రచురించిన తులనాత్మక పరీక్షలో చూపింది. శస్త్రచికిత్సలు చేసే బృందమే శస్త్రచికిత్స అవసరాన్ని వాయిదావేసే మాత్రను పరీక్షించడం మెచ్చదగినది. నోరు ఎండిపోవడం ఈ మాత్రల సాధారణ దుష్ఫలితం. ఒంటినిండా చెమట తగ్గుతుంది కాబట్టి మే నెల ఎండలో బయట పనిచేసేవారు జాగ్రత్తపడాలి.

శస్త్రచికిత్స – చరిత్ర, విధానం:

అతిస్వేదానికి సహానుభూత నాడీ ఛేదన చేసిన తొలి వ్యక్తిగా కొట్జారెఫ్‌ను చరిత్రకారులు పేర్కొంటారు, అది 1920లో. ఆ కాలంలో గొలుసును చేరుకోవాలంటే మెడ మొదట్లోనో వీపు మీదో పెద్ద కోత పెట్టి, కొన్ని సందర్భాల్లో పక్కటెముక ముక్కను తీసివేయవలసి వచ్చేది. చెమట ఆపడానికి అంత శస్త్రచికిత్సకు సిద్ధపడినవారు కొద్దిమందే. స్వీడన్ వైద్యుడు జాకోబియస్ 1910లోనే గొట్టపు దర్శినితో ఛాతీ కుహరంలోకి చూశాడు. ఆ మార్గం క్షయ చికిత్సలో ఊపిరితిత్తుల అతుకులు విడదీయడానికి ఉపయోగపడింది. దాన్నే నాడీ ఛేదనకు 1940లలో హ్యూస్ అనుసరించగా, ఆస్ట్రియాకు చెందిన ఎర్విన్ కుక్స్ వెయ్యికి పైగా శస్త్రచికిత్సల అనుభవాన్ని 1954లో గ్రంథస్థం చేశాడు. అయినా వీడియో కెమెరా వచ్చేవరకు, అంటే 1990లదాకా, ఇది విస్తృత ప్రచారంలోకి రాలేదు.

నేటి పద్ధతి చూడడానికి సరళం. పూర్తి మత్తు ఇచ్చి, రోగిని సగం కూర్చున్న భంగిమలో ఉంచుతారు. చంక కింద అర సెంటీమీటరు పరిమాణంలో ఒకటో రెండో రంధ్రాలు చేస్తారు. ఆ వైపు ఊపిరితిత్తి శ్వాసను కాసేపు నిలిపితేనో, కుహరంలోకి కొద్దిగా కార్బన్ డయాక్సైడ్ పంపితేనో ఊపిరితిత్తి కుంచించుకుని పక్కకు తొలగుతుంది. పలుచని పొరకింద, పక్కటెముకల మెడల మీదుగా తెల్లని దారంలా గొలుసు కనిపిస్తుంది. శస్త్రవైద్యుడు పక్కటెముకలు లెక్కపెట్టుకుని, మూడవ లేదా నాలుగవ పక్కటెముక పైన దాన్ని విద్యుత్ కొక్కెంతో కత్తిరిస్తాడు, లేదా లోహపు క్లిప్పుతో బిగిస్తాడు. ఊపిరితిత్తిని తిరిగి విచ్చుకోనిచ్చి, గాలిని బయటకు తీసి, రెండవ వైపు ఇదే పనిచేస్తారు. గొలుసు తెగిన కొద్ది నిమిషాల్లో అరచేతి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ లేదా అంతకుమించి పెరుగుతుంది. రక్తనాళాలను బిగించే తంతువులు కూడా తెగడమే దీనికి కారణం. మత్తు నుంచి మేల్కొన్న రోగి చేతులు వెచ్చగా, పొడిగా ఉంటాయి. వందలో తొంభై ఐదుకు పైగా శస్త్రచికిత్సల్లో ఇలాగే జరుగుతుందని ప్రచురిత నివేదికలు చెబుతాయి.

ఎముక లెక్క తప్పరాదు. మొదటి పక్కటెముక దగ్గరి నక్షత్ర నాడీసంధికి దెబ్బ తగిలితే ఆ వైపు కనురెప్ప వాలిపోయి, కంటిపాప చిన్నదవుతుంది. దీన్ని హార్నర్ లక్షణ సముదాయం అంటారు. గొలుసును తప్పించుకుని రెండవ పక్కటెముక నాడి నుంచి నేరుగా పైకి సాగే తంతువులు కొందరిలో ఉంటాయి. 1927లో ఆల్బర్ట్ కుంట్జ్ వర్ణించిన ఈ తంతువులు మిగిలిపోతే చెమట తిరిగి రావచ్చు. కుహరంలో గాలి మిగలడం, రక్తస్రావం, పక్కటెముకల మధ్య నొప్పి వంటివి అరుదు. గుండె వేగాన్ని పెంచే తంతువులూ ఈ ప్రాంతం గుండానే పోతాయి కాబట్టి నాడి కొద్దిగా మందగిస్తుంది. విశ్రాంత స్థితిలో నాడి నిమిషానికి 55 కంటె తక్కువ ఉన్నవారికి ఈ శస్త్రచికిత్స తగదని 2011లో అమెరికా ఛాతీ శస్త్రవైద్యుల సంఘం వెలువరించిన నిపుణుల అభిప్రాయం పేర్కొంది. దూరపు పరుగులో తర్ఫీదైన యువకుల నాడి సహజంగానే నెమ్మదిగా ఉంటుంది. సైనిక నియామకం కోసం వచ్చేవారిలో ఇలాంటివారు ఉండడం సహజం కనుక ఈ సూచన మనకు ప్రత్యేకంగా పట్టించుకోదగినది.

పరిహార స్వేదం:

అసలు చిక్కు చేతులు పొడిబారిన తర్వాత మొదలవుతుంది. శస్త్రచికిత్స జరిగిన కొన్ని వారాల్లో, కొన్ని నెలల్లో వీపు, పొట్ట, నడుము, తొడల మీద మునుపు లేనంత చెమట పట్టడం చాలామంది గమనిస్తారు. కొందరికి అది పట్టించుకోనక్కరలేనంత స్వల్పం. కొందరికి చొక్కా పిండుకోవలసినంత. చేతుల తడిని రుమాలులో దాచుకోగలిగినవారు వీపు తడిని దాచలేరు. దీని వ్యాప్తిని గురించి ప్రచురితమైన అంకెలు 3 శాతం నుంచి 98 శాతం వరకు ఉన్నాయి. ఒకే విషయంపై ఇంత అంతరం ఎలా వస్తుంది? ఒకరు రోగి తనంతట చెప్పిన ఫిర్యాదునే లెక్కించారు, మరొకరు ప్రశ్నావళి ఇచ్చి అడిగారు. ఒకరు తీవ్రమైన దాన్నే నమోదుచేశారు, మరొకరు ఏ కొద్ది మార్పునైనా చేర్చారు. చలిదేశంలో శీతాకాలంలో అడిగినదానికీ, ఉక్కపోత దేశంలో వేసవిలో అడిగినదానికీ జవాబు ఒకటి కాదు. పరిశోధక విద్యార్థులు ఈ ఉదాహరణను గుర్తుంచుకోవడం మంచిది. కొలత నిర్వచనం స్థిరపడకముందే అంకెలు పోగుచేస్తే ఏమవుతుందో ఇది చూపుతుంది.

కారణం మీదా ఏకాభిప్రాయం లేదు. చెమట ద్వారా వేడిని వదిలే ప్రాంతం తగ్గింది కాబట్టి మిగిలిన ప్రాంతం ఆ లోటు పూరిస్తోందన్నది పాత వివరణ. పరిహార స్వేదమన్న పేరు అందులోంచే వచ్చింది. కాని వేళ్లతో సహా ఒక అరచేయి శరీర ఉపరితలంలో సుమారు ఒక శాతమే. రెండు శాతం చర్మం చేసే పని కోసం వీపంతా తడవవలసిన అవసరం లేదు. అయితే ఛేదన ఎత్తుగా జరిగితే ముఖం, మెడ, చేతులు, ఛాతీ పైభాగం కూడా పొడిబారతాయి కాబట్టి పాత వివరణను పూర్తిగా తోసిపుచ్చలేము. రెండవ వివరణ ప్రకారం గొలుసులో మెదడు నుంచి కిందికి దిగే ఆజ్ఞలతో పాటు, హైపోథాలమస్‌ను అదుపుచేసే సంకేతాలు పైకి వెళ్తుంటాయి. ఎత్తుగా కోసిన కొద్దీ ఆ పైకివెళ్లే సంకేతాలు ఎక్కువగా తెగిపోయి, అదుపు తప్పిన హైపోథాలమస్ ఛేదనకు దిగువనున్న ప్రాంతానికి అతిగా ఆజ్ఞాపిస్తుంది. రెండవ పక్కటెముక దగ్గర కోసినవారిలో ఈ సమస్య ఎక్కువగా, నాలుగవ దాని దగ్గర కోసినవారిలో తక్కువగా కనిపించడాన్ని ఈ వాదన బాగా వివరిస్తుంది. ఐతే ఇది ఇంకా ప్రతిపాదన స్థాయిలోనే ఉంది.

ఆచరణలో తేలిన పాఠం మాత్రం స్పష్టం. 2011 నాటి నిపుణుల అభిప్రాయం అరచేతులకు మూడవ లేదా నాలుగవ పక్కటెముక స్థాయిని సూచించింది. నాలుగవ స్థాయిలో ఛేదిస్తే చేతులు పూర్తిగా పొడిబారకుండా కొద్దిపాటి తేమతో ఉండవచ్చు, కాని ఇతర భాగాల చెమట తగ్గుతుంది. అరచేతికి కాస్త తేమ సహజమే కదా! పూర్తిగా ఎండిన చేతికి కాగితం తిప్పడమూ కష్టమే. సంపూర్ణ విజయాన్ని కోరకపోవడమే ఇక్కడ మేలైన విజయం.

క్లిప్పు పెడితే కావాలనుకున్నప్పుడు తీసివేయవచ్చు కదా అన్న ఆశ రోగుల్లో బలంగా ఉంటుంది. బిగింపులో నలిగిన నాడీతంతువులు క్షీణిస్తాయి కాబట్టి క్లిప్పు తీసినా పూర్వస్థితి వస్తుందన్న హామీ లేదు. తెగిన గొలుసును మరోచోటి నాడి ముక్కతో అతికే ప్రయత్నాలు జరిగాయి. అవి నమ్మదగిన చికిత్సగా స్థిరపడలేదు. రోగికి దీన్ని తిరుగులేని శస్త్రచికిత్సగానే చెప్పడం న్యాయం.

సమ్మతి – భాష:

2004లో తైవాన్ ఆరోగ్యశాఖ 20 ఏళ్లలోపు వారికి ఈ శస్త్రచికిత్సను నిషేధించింది. ఉక్కపోత వాతావరణమున్న ఆ దేశంలో ఇది విస్తారంగా జరిగిన తర్వాత వచ్చిన నిర్ణయమిది. బ్రిటన్‌లోని జాతీయ ఆరోగ్య ప్రమాణాల సంస్థ 2014లో దీన్ని అనుమతిస్తూనే, ఇతర చికిత్సలకు లొంగని తీవ్రస్థితికే పరిమితం చేయాలనీ, శరీరంలోని ఇతర భాగాల్లో చెమట పట్టడం ఈ శస్త్రచికిత్స తర్వాత సర్వసాధారణమనీ, కొందరు రోగులు పశ్చాత్తాపపడుతున్నారనీ ముందుగానే చెప్పాలనీ వైద్యులకు సూచించింది. కోస్తా జిల్లాల గాలిలో తేమనూ, వేసవి తీవ్రతనూ దృష్టిలో ఉంచుకుంటే ఈ హెచ్చరిక బ్రిటన్‌లోకంటె మన దగ్గర ఎక్కువ వర్తిస్తుంది.

ఇక్కడొక భాషాసమస్య ఉంది. పరిహార స్వేదమన్న మాటను ఈ వ్యాసంలో నేనూ వాడాను, కాని అది రోగి చెవికి ఎలా వినిపిస్తుంది? తెలుగులో పరిహారం అంటే నష్టానికి దక్కే సొమ్ము, లేదా దోషానికి చేసే నివారణ. రెండూ మేలు చేసేవే. పంట పోయినప్పుడు పరిహారం అడుగుతాం, గ్రహదోషానికి పరిహారం చేయిస్తాం. అలాంటి పదాన్ని వైద్యుడు హానికి పేరుగా వాడితే, విన్నవారు దాన్ని హానిగా గుర్తించకపోవచ్చు. ఆంగ్ల పదానికి ధాత్వర్థంలో సరిపోయే అనువాదం అర్థంలో తప్పుదారి పట్టించడమంటే ఇదే. స్థానాంతర స్వేదం అనడం కొంత నయం, చోటు మారిన చెమట అంటే మరీ నయం. అదీ పూర్తిగా నిజం కాదు. చోటు మారిన చెమట పాత చెమట పరిమాణంలోనే ఉండాలన్న నియమం లేదు.

కాబట్టి సమ్మతి పత్రంలో పారిభాషిక పదాన్ని వదిలి విషయాన్నే రాయాలి. శస్త్రచికిత్స తర్వాత వీపు, పొట్ట, తొడల మీద కొత్తగా చెమట పట్టే అవకాశం ఎక్కువ. కొందరికి అది రోజులో రెండు మూడుసార్లు బట్టలు మార్చుకోవలసినంత ఉంటుంది. వేసవిలో పెరుగుతుంది. అది తగ్గకపోవచ్చు, తగ్గించే శస్త్రచికిత్స లేదు. ఈ నాలుగు వాక్యాలను రోగి తానే పైకి చదివి, తన మాటల్లో తిరిగి చెప్పిన తర్వాతనే సంతకం తీసుకోవాలి. ఆ సంతకం పెట్టేటప్పుడు కూడా అతని చేయి తడిగానే ఉంటుంది. అప్పటికప్పుడు ఆ తడి వదిలించుకోవాలన్న ఆతురత అతనిది కనుక, పత్రం చేతికిచ్చిన రోజుకూ సంతకం తీసుకునే రోజుకూ మధ్య కొన్ని వారాల వ్యవధి ఇవ్వడం, ఆ వారాల్లో అయనీకరణ చికిత్సనో మాత్రలనో ప్రయత్నించి చూడమనడం వైద్యుడు చేయదగిన పని.